కడలి నడుమ రోగి, కడలి ఆవల వైద్యుడు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ఏదేని ఒక కావ్యమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పగలు సహకార సంఘములో జమాఖర్చులు వ్రాసికొనుచు, రాత్రులయందు ఎవరి సహాయమును లేక ప్రబంధములతో కుస్తీ పట్టిన నావంటివానికి అట్టి అవకాశమును వదలుకొనుట కష్టమే. అయినను ఈనాడు గ్రంథాలయములో గ్రంథమును విడిచి ఒక గ్రంథిని గూర్చి మాటలాడ దలచితిని. అది క్లోమగ్రంథి. దానికి వచ్చు క్యాన్సరు, దానికి చేయు శస్త్రచికిత్స, ఆ శస్త్రచికిత్స సముద్రము నడుమ ద్వీపములలో కాపురముండువారికి అందు తీరు, ఇవియే నా విషయము. లంకలో పుట్టి లంకలో పెరిగిన మనకు ఇది బొత్తిగా పరాయి మాట కాదు. రేవు కట్టువడిన దినమున ఇంటిలో రోగి యుండుట యెట్టిదో 1986 ఆగస్టు నాటి గోదావరి వరదను చూచినవారికి నేను చెప్పనక్కరలేదు. అయితే మన రేవు పదిదినములలో తెరచుకొనును. ద్వీపవాసులకు రేవు ఏడాది పొడవునను ఇంటి ముంగిటనే నిలిచియుండును.

నా దృష్టిని ఈ వైపునకు త్రిప్పినది ఒక ఉత్తరము. మన గ్రామమునుండి తాపీపనికై మధ్య అండమానునకు వలసపోయి అచ్చటనే స్థిరపడిన కుటుంబమొకటి గలదు. ఆ యింటి చిన్నవాడు రెండేండ్ల క్రిందట నాకిట్లు వ్రాసెను: ‘బాబాయిగారూ, మా దీవులలో పెద్దాసుపత్రి యున్నది, వైద్య కళాశాలయు వచ్చినది. మా నాయన కడుపులోని గడ్డను కోయుటకు మాత్రము వేయి కిలోమీటర్ల సముద్రము దాటవలసినదేనా? ఆ డాక్టరునే ఇచ్చట పెట్టరాదా?’

ప్రశ్న న్యాయమైనది. జవాబు వెదకుటకు నాకు చాల దినములు పట్టినది. ఆ జవాబునే మీ ముందుంచుచున్నాను.

క్లోమమనునది జీర్ణాశయమునకు వెనుక, వెన్నెముకకు ముందు అడ్డముగా పరుండియున్న జానెడు గ్రంథి. అన్నమును అరిగించు రసమును, రక్తములోని చక్కెరను అదుపులో నుంచు ఇన్సులినును పుట్టించునది ఇదియే. (ప్రాచీన వైద్యగ్రంథములలో క్లోమ శబ్దము కనబడును గాని, అది ఏ యవయవమునకు పేరో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయము లేదు. మన పాఠ్యపుస్తకములవారు ఈ గ్రంథికి ఆ పేరు ఖాయము చేసిరి. నేనును వారి వెంటనే నడచుచున్నాను.) ఇది అంత లోతున నుండుటచేత దానిలో పుట్టిన గడ్డ చేతికి తగులదు, చాలకాలము నొప్పియు చేయదు. 2022లో ప్రపంచమంతటను సుమారు 5,10,000 మందికి ఈ క్యాన్సరు క్రొత్తగా బయటపడగా, అదే సంవత్సరమున దీనిచేత మరణించినవారు సుమారు 4,67,000. జమయు ఖర్చును ఇంత దగ్గర దగ్గరగా నుండు పద్దును చూచినప్పుడు లెక్కలవాని గుండె ఝల్లుమనును. వ్యాధి బయటపడు నాటికి కత్తికి లొంగు స్థితిలో నుండువారు నూటికి 15 మొదలు 20 మంది మాత్రమే. కోసినంతనే బ్రదుకుదురనియు కాదు. పలువురికి వ్యాధి తిరిగి వచ్చును. కాని అయిదేండ్లు దాటి బ్రదికినవారెవరని వెదకినచో, వారిలో మిక్కిలి భాగము శస్త్రచికిత్సయు, దానివెంట మందులును పొందినవారే. వేరొక ద్వారము ఇంతవరకు తెరచుకొనలేదు.

ఆ శస్త్రచికిత్స యెట్టిది? గడ్డ క్లోమపు తలభాగమున నున్నచో, ఆ తలను, దానిని చుట్టియున్న ఆంత్రమూలమును, పిత్తాశయమును, పైత్యరస నాళములో కొంత భాగమును కలిపి తీసివేయవలెను. తీసివేయుట సగము పని. మిగిలిన క్లోమమును, పైత్యనాళమును, జీర్ణాశయమును ప్రేగునకు మరల అతుకవలెను. మూడు అతుకులు. క్లోమము వెన్నవలె మెత్తన; దారము బిగించినచో తెగును, వదులైనచో కారును. కారిన రసము అన్నమును అరిగించునట్లే మన మాంసమును, రక్తనాళమును కూడ అరిగించును. అయిదారు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, పట్టు పని యిది. 1898లో ఇటలీ దేశపు కొడివిల్లా, 1909లో జర్మనీ దేశపు కౌష్ దీనికి పూనుకొనిరి. 1935లో అమెరికా వైద్యుడు అలెన్ విప్పుల్ దీనిని ప్రచారములోనికి తెచ్చుటచేత ఆయన పేరే నిలిచినది. 1960, 1970 ప్రాంతములలో నూరుగురికి చేసినచో సుమారు పాతికమంది శస్త్రచికిత్సవలననే పోవుచుండిరి. ఈ పనియే మానుకొందమని వాదించిన వైద్యులును ఆ దినములలో లేకపోలేదు. నేడు మంచి చోట్ల ఆ పాతిక రెండు మూడుకు దిగినది.

మంచి చోటు అనగా ఏది? ఇచ్చటనే మన అండమాను కుర్రవాని ప్రశ్నకు జవాబు దాగియున్నది.

సుశ్రుత సంహిత సూత్రస్థానములో యోగ్యాసూత్రీయమను అధ్యాయమొకటి గలదు. శిష్యుడు శాస్త్రమంతయు వల్లించినను చేతి అభ్యాసము లేనిచో శస్త్రకర్మకు తగడని సుశ్రుతుని తీర్పు. కావున ముందుగా గుమ్మడికాయలపైన, సొరకాయలపైన, పుచ్చ దోసకాయలపైన కోత నేర్పుమని ఆయన విధించెను. ఈ మాట ఎంత నిజమో అంకెలతో చూపినవారు అమెరికావారు. 2002లో ప్రకటితమైన ఒక పరిశోధనలో అచ్చటి వృద్ధుల ఆసుపత్రి లెక్కలను తిరుగవేసి చూచిరి. ఏడాదికి ఒక్కటియు నిండుగా ఈ క్లోమ శస్త్రచికిత్స జరుగని ఆసుపత్రులలో నూటికి 16 మంది చనిపోయిరి. ఏడాదికి 16కు మించి జరుగు ఆసుపత్రులలో చనిపోయినవారు నూటికి 4కు లోపు. అదే వ్యాధి, అదే దేశము. చేయి తిరిగిన చోటికిని తిరుగని చోటికిని అంత తేడా.

దీనిని చూచి ప్రభుత్వములు కదలినవి. ఇంగ్లాండులో 2001లోనే, ఒక్కొక్క క్లోమ శస్త్రచికిత్సా కేంద్రము 20 మొదలు 40 లక్షల జనాభాకు ఒకటి చొప్పున ఉండవలెనని ప్రభుత్వము సలహా యిచ్చెను. నెదర్లాండ్సులో 2011నుండి, ఏడాదికి కనీసము 20 చేయని ఆసుపత్రి ఈ శస్త్రచికిత్స జోలికి పోరాదని నియమము వచ్చినది.

ఇప్పుడు ఒక ద్వీపమును తీసికొని లెక్క వేయుదము. ఇంగ్లాండునకును ఐర్లాండునకును నడిమి సముద్రములో మాన్ అను ద్వీపము గలదు. దానికి స్వంత శాసనసభ యున్నది, రాజధాని డగ్లసులో నోబుల్సు అను ఆసుపత్రి యున్నది. 2021 జనాభా లెక్కలలో అచ్చటి జనము 84,069. ఇంగ్లాండువారి కొలతలో చిన్నదియైన 20 లక్షలు నిండుటకే అట్టి ద్వీపములు ఇరువదినాలుగు కావలెను. బ్రిటను దేశములో ఏటేట సుమారు 10,500 మందికి ఈ వ్యాధి బయటపడుచున్నది. ఆ నిష్పత్తినే వేసినచో మాన్ ద్వీపములో ఏడాదికి పదుమువ్వురు. పదింట ఒకరికి కోత సాధ్యమనుకొన్నచో, ఒకరో ఇద్దరో. నెదర్లాండ్సువారు ఒక్క యేటికి విధించిన 20ని పూర్తిచేయుటకు ఆ ద్వీపపు వైద్యునికి పదునైదేండ్లు పట్టును! అతడెంత బుద్ధిమంతుడైనను, ఆ పదునైదేండ్లును గుమ్మడికాయలతో సరిపెట్టుకొనవలసినదే. అండమాను నికోబారు సంగతి యింకను చిన్నది. 2011 లెక్కల ప్రకారము జనము 3,80,581 అయినను, మన దేశములో ఈ వ్యాధి పాశ్చాత్యులలో కంటె చాల అరుదు. కావున డాక్టరును అచ్చట కూర్చుండబెట్టుట ఆ దీవివారికి ఉపకారము కాదు, అపకారము. ఈ వాక్యము వ్రాయుటకు నాకే మనసొప్పలేదు. కాని అంకెలు చెప్పుచున్నదదియే.

డాక్టరు నెలకొకసారి విమానములో వచ్చి కోసి పోరాదా యని కొందరు అడుగవచ్చును. కోసి పోవచ్చును, పోయిన తరువాతనే చిక్కు. 2009లో వెలువడిన మరియొక అమెరికా పరిశోధన కండ్లు తెరిపించునట్టిది. పెద్ద శస్త్రచికిత్సల తరువాత చిక్కులు వచ్చుట మంచి ఆసుపత్రులలోను, చెడ్డ ఆసుపత్రులలోను ఇంచుమించు సమానమే. తేడా యెచ్చటనగా, చిక్కు వచ్చిన రోగిని బ్రదికించుటలో. అర్ధరాత్రి రోగికి జ్వరము తగిలినప్పుడు, గొట్టములో నెత్తుటి చార కనబడినప్పుడు, అదేమో వెంటనే గుర్తుపట్టు నర్సు కావలెను. నాళము ద్వారా సన్నని తీగను పంపి లోపలి రక్తస్రావమును ఆపగల వైద్యుడు కావలెను. రక్తనిధి, మత్తుమందు వైద్యుడు, కృత్రిమశ్వాస యంత్రము కావలెను. అతుకు తెగుట కోసిన దినముననే కాదు, రెండవ వారములోను జరుగవచ్చును. అప్పటికి విమానపు డాక్టరు ఎచ్చటనుండునో!

యుద్ధకాండలో హనుమంతుడు ఓషధి యేదో తెలియక కొండనే పెకలించి సముద్రము మీదుగా తెచ్చెను. 1935లో మన పెద్దలు కృష్ణా డెల్టా కాలువలపై పడవలో గ్రంథాలయమును నడిపి పుస్తకమునే పాఠకుని గుమ్మమునకు చేర్చిరి. అవి రెండును మనకు గర్వకారణములే. కాని ఈ వ్యాధి విషయమున కొండ కదలదు. కదలించినచో ఓషధి ఎండిపోవును. రోగియే కొండయొద్దకు పోవలెను. మాన్ ద్వీపమువారు సుమారు 130 కిలోమీటర్ల దూరముననున్న లివర్‌పూలునకు పోవుదురు. లివర్‌పూలు క్లోమవ్యాధి చికిత్సకు పేరుపొందిన కేంద్రము. రోగుల ప్రయాణపు ఖర్చును ఆ ద్వీప ప్రభుత్వమే భరించును. ఛానెలు ద్వీపములైన జెర్సీ, గర్న్సీవారు సౌతాంప్టనునకు పోవుదురు. మన లక్షద్వీపములవారు కొచ్చికి, అండమానువారు చెన్నపట్టణమునకో, కలకత్తాకో, విశాఖపట్టణమునకో వచ్చెదరు.

పోవలెనని చెప్పుట తేలిక. 1999లో అమెరికాలో నూరుగురు రోగులను ఒక ప్రశ్న అడిగిరి. ‘మీకు క్లోమ క్యాన్సరు వచ్చినదనుకొనుడు. మీ యూరి ఆసుపత్రిలో కోయించుకొందురా, నాలుగు గంటల దూరముననున్న పెద్దాసుపత్రికి పోవుదురా?’ రెండు చోట్లను ప్రాణాపాయము నూటికి 3 అని చెప్పగా నూరుగురును ఊరినే కోరిరి. ఊరిలో నూటికి 6, దూరమున 3 అని చెప్పినను 45 మంది ఊరినే కోరిరి! రెండింతల ప్రమాదమునకు తల యొగ్గుదుము గాని ఇల్లు విడువమనిరి. చదువుకొన్నవారు దీనిని మూర్ఖత్వమనవచ్చును. నేననను. గేదెకు మేత వేయువారెవరు, పరాయి భాషలో నర్సుతో నా బాధ యెట్లు చెప్పుకొందును, పక్కన కూర్చుండువారెవరు, అచ్చటనే పోయినచో నన్ను మరల సముద్రము దాటించి తెచ్చువారెవరు అని ముసలివాడు తన మంచముపై పడి ఆలోచించును. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండ ‘మంచి ఆసుపత్రి యున్నది, పొండు’ అన్నచో, ఆ ఆసుపత్రి ఉన్నట్లును గాదు, లేనట్లును గాదు.

అండమాను దూరములు మీకు తెలియవలెను. రాజధాని పోర్టు బ్లెయిరునుండి (2024లో దానికి శ్రీ విజయపురమని పేరు పెట్టిరి) చెన్నపట్టణము 1,190 కిలోమీటర్లు, విశాఖపట్టణము 1,200, కలకత్తా 1,255. విమానములో రెండు గంటల పైచిలుకు. ఓడలో రెండున్నర మూడు దినములు. ఆ రాజధానికి చేరుటకే దక్షిణపు కొసనున్న గ్రేట్ నికోబారువారు అయిదువందల కిలోమీటర్లకు పైగా రావలెను. ఆ దీవులలో నూటికి 13 మంది తెలుగువారని 2011 లెక్కలు చెప్పుచున్నవి. వారిలో శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి పోయిన జాలరి కుటుంబములు చాల గలవు.

ఇక మన కుర్రవాని తండ్రి సంగతి. వారి ఉత్తరములను దగ్గర పెట్టుకొని, నా వృత్తి చొప్పున, ఒక దినవహి కట్టితిని. ఆయన కండ్లు పచ్చబడిన దినము మొదటి దినము. అప్పటినుండి 21 దినములు పసరు మందు. తరువాత దీవిలోని ఆసుపత్రినుండి రాజధానికి చేరి స్కాను తీయించుకొనుటకు 12 దినములు. పైకి పంపుటకు కాగితములు, సంతకములు, ధనసహాయపు మంజూరు కలిసి 15 దినములు. ముగ్గురికి విమానపు టిక్కెట్లు కొనలేక ఓడకై కనిపెట్టుకొని యుండుట, నడుమ గాలివానచే ఓడ నిలిచిపోవుట, 9 దినములు. సముద్రముపై 3 దినములు. ఒడ్డునకు చేరిన పిమ్మట ఏ ఆసుపత్రికి పోవలెనో తెలియక ఒకచోటినుండి మరియొకచోటికి తిరుగుట, బస వెదకుకొనుట, వరుసలో నిలుచుట 14 దినములు. మొత్తము 74.

ఈ మొత్తమును ఒకసారి విడదీసి చూడుడు. సముద్రము తినినది 3 దినములు. గాలివానను, టిక్కెట్టును కూడ దాని ఖాతాకే వ్రాసినను 12. తక్కిన 62 దినములును నేలమీద, మనుష్యుల నడుమ ఖర్చయినవి. ఇన్నాళ్లును మనము దూరము దూరమని సముద్రమునే నిందించుచున్నాము. లెక్క చూడగా సముద్రముది చిన్న పద్దు.

ఆ 74 దినముల తరువాత శస్త్రవైద్యుడు ఆయనను చూచి, స్కాను పాతబడినది, మరల తీయవలెననెను. అతనిది తప్పు కాదు. ఈ వ్యాధిలో నాలుగు వారములు దాటిన స్కానును నమ్మి కత్తి పట్టరాదు. క్రొత్త స్కానులో గడ్డ ప్రక్కనున్న పెద్ద సిరను చుట్టుకొనియుండెను. ముందు మందులిచ్చి చూతమనిరి. మందులు కొంత పనిచేసినవి గాని కోతకు వీలు చిక్కలేదు. ఆయన తిరిగి తన దీవికే పోయి, పది నెలలు బ్రదికి, తన యింటనే కన్ను మూసెను. ముందే వచ్చియున్నచో ఏమగునని కుమారుడు అడుగగా, ఆ మాట ఎవ్వరును చెప్పలేరని వైద్యుడు నిజాయితీగా చెప్పెనట.

ఒకరి విషయమున చెప్పలేకపోయినను పదిమంది విషయమున చెప్పవచ్చును. ఇంగ్లాండులోని బర్మింగుహాములో శస్త్రవైద్యులు ఇదే దినవహిని తమ రోగులకు కట్టి చూచుకొనిరి. స్కానునుండి శస్త్రచికిత్సకు సగటున 65 దినములు పట్టుచుండెను. కామెరలు తగ్గించుటకు ముందుగా గొట్టము వేసి వారములకొలది వేచియుండు పద్ధతిని, వీలైనవారి విషయమున, విడిచిపెట్టిరి. ఒక నర్సుకు రోగి వెంట కాగితములన్నియు నడిపించు బాధ్యత నొప్పగించిరి. 65 దినములు 16 అయినవి. అంతకు పూర్వము కోతకై నిర్ణయింపబడిన నూరుగురిలో 75 మందికి మాత్రమే గడ్డ తీయగలిగిరి. ఈ పద్ధతిలో 97 మందికి తీయగలిగిరి. ఈ ఫలితము 2017లో ప్రకటింపబడినది. క్రొత్త మందు లేదు, క్రొత్త యంత్రము లేదు. కాగితము త్వరగా నడచినది, అంతే. జీవితమంతయు కాగితములు నడిపినవాడను గనుక ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ద్వీపవాసులకు ఇట్టి ఏర్పాటు అసాధ్యమా? కాదు. 2020 ఆగస్టులో చెన్నపట్టణమునుండి అండమానునకు సముద్రగర్భమున సుమారు 2,300 కిలోమీటర్ల తీగ వేసి ప్రారంభించిరి. రాజధానికే గాక కారు నికోబారు, గ్రేట్ నికోబారు మొదలగు మరి యేడు ద్వీపములకు అది పోయినది. స్కాను బొమ్మలు మనిషికంటె ముందే సముద్రము దాటగలవు. దేశములోని క్యాన్సరు ఆసుపత్రులను ఒక త్రాట కట్టు జాతీయ క్యాన్సరు గ్రిడ్ 2012లో ఏర్పడినది. దూరమునుండియే పలువురు వైద్యులు కూడి ఒక రోగి బొమ్మలను చూచి సలహా చెప్పు పద్ధతి నడచుచున్నది. కావున ‘ఈ రోగికి కోత సాధ్యమా, కాదా, సాధ్యమైనచో ఏ యాసుపత్రికి, ఏ దినమున?’ అను నిర్ణయము రోగి ఇల్లు కదలక ముందే జరుగవలెను. కోత సాధ్యము కానివానిని ఊరక సముద్రము దాటించి తెచ్చి, లేదని చెప్పి పంపుట కంటె క్రూరమైన పని మరియొకటి లేదు. సాధ్యమైనవానికి మంజూరు కాగితమును టిక్కెట్టును ఒకే దినమున చేతికీయవలెను. మాన్ ద్వీపమువారికి కూడ ఒక చిక్కున్నది: పొగమంచు. సముద్రదేవుడు మనన్నన్ తన దుప్పటిని పరచి ద్వీపమును శత్రువులకు కనబడకుండ దాచునని వారి పురాణగాథ. ఆ దుప్పటి పరచిన దినమున విమానములు దిగవు. దుప్పటికి మంజూరు కాగితము అక్కరలేదు గాని, అది సాధారణముగా మరునాటికి తొలగును; మన సంతకములు అంత త్వరగా తొలగవు.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. మన పథకములలో మూడవ పాదమును తరచుగా మరచెదరు. తోడు వచ్చువాని టిక్కెట్టు, అతని తిండి, అతడు నష్టపోవు కూలి, ఇవి రోగి టిక్కెట్టంత అవసరమైనవి. శస్త్రచికిత్స అయిన వెంటనే ఓడ ఎక్కరాదు. అతుకు కుదిరినదని వైద్యుడు చెప్పువరకు, అనగా రెండు మూడు వారములైనను, ఆసుపత్రికి దగ్గరలోనే యుండవలెను. ఆ బసకు అద్దె యెవరిత్తురు? మన తీర్థక్షేత్రములన్నింటను సత్రములు కట్టించిన దాతలున్నారు. పెద్దాసుపత్రుల వాకిట సత్రము కట్టించువారు ఇంకను పెరుగవలెను. ఇక తరువాత నెలల తరబడి ఇచ్చు మందులను మాత్రము, పెద్ద కేంద్రము సలహాతో, దీవిలోనే ఇప్పించుట మేలు. కత్తికి ఒక్కసారి సముద్రము దాటవలెను గాని, సూదికి పదిసార్లు దాటనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది ప్రభుత్వములు, వైద్యులు చేయవలసినది. ఆ 74 దినములలో మొదటి 21 మాత్రము మన చేతిలోనివి. పసరును నేను నిందింపను. వైరసువలన వచ్చు కామెరలు చాలవరకు తమంతట తామే తగ్గును. ఆ కీర్తిని పసరు మూటగట్టుకొన్నది. కాని ఏబది దాటినవారికి నొప్పి లేకుండ కండ్లు పచ్చబడినచో, ఒళ్లంతయు దురద పుట్టినచో, మూత్రము ముదురు రంగై మలము సున్నపు రంగునకు తిరిగినచో, పసరు మ్రింగుచు దినములు లెక్కింపరాదు. బరువు కారణము లేక తగ్గుట, ఆ తగ్గుదలతోపాటు క్రొత్తగా చక్కెరవ్యాధి కనబడుట, రాత్రులందు నడుము పైభాగమున విడువని నొప్పి, ఇవియు అట్టివే. ఇవన్నియు ఈ వ్యాధియే కానక్కరలేదు. పైత్యనాళములో రాయి యైనను కావచ్చును. అదేమో తెలియుటకు ముందుగా ఒక అల్ట్రాసౌండు, అనుమానమున్నచో సి.టి. స్కాను. మన రేవు దాటినచో రెండును దొరకును.

కోయవలెనని చెప్పిన ఆసుపత్రిలో మీరు అడుగవలసిన ప్రశ్న ఒకటి యున్నది: ‘అయ్యా, ఈ శస్త్రచికిత్స మీయొద్ద ఏడాదికి ఎన్ని జరుగును?’ అడుగుటకు జంకవలదు. ఎద్దును కొనునప్పుడు పండ్లు లెక్కించువారము, ఇచ్చట మొగమాటమేల? నిజముగా చేయి తిరిగిన వైద్యుడు ఆ ప్రశ్నకు కోపగింపడు.

దీని కొరకై ఒక కాగితము సిద్ధము చేసితిని. పైన చెప్పిన లక్షణములు, వెంట తీసికొనిపోవలసిన పత్రములు, స్కాను బొమ్మల పళ్లెమును ఆసుపత్రివారినుండి అడిగి తీసికొనుట, వాడుచున్న మందుల జాబితా, అడుగవలసిన ప్రశ్నలు అందులో ఉన్నవి. అడుగున ఖాళీ దినవహి గీచితిని, ఏ దినము దేనికి ఖర్చయినదో రోగి ఇంటివారు వ్రాసికొనుటకు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారు దానిని చదివి రెండు చోట్ల దిద్ది యిచ్చిరి. నూరు ప్రతులు గ్రంథపాలకునియొద్ద ఉంచితిని. అండమానులో బంధువులున్నవారు రెండేసి తీసికొని, ఒకటి వారికి టపాలో పంపుడు. గ్రంథాలయము సాయంకాలము 5 గంటలనుండి 8 గంటలవరకు తెరచియుండును. చందాదారులు కానివారికిని ఇచ్చెదరు.